రొట్టెల డబ్బు ఆగిపోయిన ఎండాకాలం

మీ ఖాతాను మూసివేశామంటూ, ఆన్‌లైన్‌లో మా డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ నుంచి మెయిల్ వచ్చినప్పుడు నేను వంటింట్లో నేల మీద కూర్చుని జొన్న రొట్టెలను అట్టపెట్టెల్లో సర్దుతున్నాను. కొత్త ఆర్డరేమో అనుకుని ఒక చేత్తో రొట్టె పట్టుకునే రెండో చేత్తో ఫోన్ తీశాను. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలున్నాయి. మా లావాదేవీలు వాళ్ల నిబంధనలకు లోబడి లేవట. అందుకని ఖాతాను శాశ్వతంగా మూసేశారట. అందులో ఉన్న సొమ్మును సమీక్ష పూర్తయ్యేదాకా తమ దగ్గరే ఉంచుకుంటారట. ఈ నిర్ణయం మీద ఇక ఉత్తరప్రత్యుత్తరాలు ఉండవట. కింద ఎవరి పేరూ లేదు.

ఎవరికో పంపబోయి నాకు పంపారనుకున్నాను. మళ్లీ చదివాను. పైన మా రొట్టెల వ్యాపారం పేరే ఉంది. చేతిలోని రొట్టెను ఎప్పుడు గట్టిగా పట్టుకున్నానో తెలియదు, ముక్కలై ఒళ్లో పడింది.

మా సొంతూరు జహీరాబాద్ దగ్గర పల్లె. మా ఆయనకు బీదర్‌లో, కొల్హార్ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరకడంతో ఇక్కడికి వచ్చి నౌబాద్‌లో అద్దెకు దిగాం. పిల్లలు బడికి పోవడం మొదలుపెట్టాక నాకు పగలంతా తీరికే. అప్పుడే సంతలో అక్క పరిచయమైంది. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మంగళగిలో తాతల కాలం నుంచి వ్యవసాయం చేసుకుంటున్న తెలుగు కుటుంబం వాళ్లది. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. సంతలో గుడ్డ పరచుకుని కడక్ రొట్టెలు అమ్ముతుండేది. జొన్నపిండిని పలచగా తట్టి, పెనం మీద కాల్చి, తర్వాత బాగా ఆరబెడితే అప్పడాల్లా కరకరలాడే రొట్టెలవి. వారాల తరబడి నిలవ ఉంటాయి.

హైదరాబాద్‌లో ఉండే మా చెల్లెలికి ఓసారి పంపితే, దాని ఆఫీసు వాళ్లు మాకూ కావాలన్నారు. అలా మొదలైంది. అక్క, ఆమె కోడలు, ఇంటి పక్కావిడ కలిసి రొట్టెలు చేసేవారు. నేను కారప్పొడులు కొట్టి, అన్నీ కలిపి పెట్టెల్లో సర్ది కొరియర్‌కు ఇచ్చేదాన్ని. మా ఆయన రెండు ఆదివారాలు కూర్చుని ఒక వెబ్‌సైటు తయారు చేసిపెట్టాడు. అందులో ఎవరు డబ్బు కట్టినా అది ముందు ఈ ఆన్‌లైన్ చెల్లింపుల కంపెనీకి చేరుతుంది. వాళ్లు తమ వాటా పట్టుకుని మిగిలింది రెండు రోజుల్లో నా బ్యాంకు ఖాతాలో వేస్తారు. అందులోంచి నేను అక్కకు పంపేదాన్ని. రెండేళ్లు ఎక్కడా తేడా రాలేదు. మధ్యలో ఒక కంపెనీ ఉందన్న సంగతే మరిచిపోయాం.

ఆ ఎండాకాలం హైదరాబాద్‌లో ఎవరో ఒకావిడ మా రొట్టెను విరిచి, అవిసెల కారం, ఉల్లిపాయ నంజుకుని తింటూ వీడియో తీసి పెట్టింది. మర్నాటి నుంచి ఫోన్ ఆగకుండా మోగింది. వరంగల్, కరీంనగర్, పుణె, బెంగళూరు నుంచి ఆర్డర్లు. అక్క ఇంకో ముగ్గురిని పనిలోకి పిలిచింది. వాకిట్లో కొత్తగా రెండు పొయ్యిలు వేయించింది. బసవకళ్యాణ్‌లో తెలిసిన వ్యాపారి దగ్గర జొన్నలు ఉద్దెరకు తెచ్చింది. "ఎండలున్నప్పుడే చేసుకోవాలె చెల్లె, వానలొస్తె ఆరయి" అని పొద్దున్నే ఫోన్ చేసి తొందరపెట్టేది. ఆ రోజుల్లో ఆమె గొంతులో ఉన్న హుషారు నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

సరిగ్గా అప్పుడే డబ్బు రావడం ఆగింది. మీ ఖాతా సమీక్షలో ఉంది, పత్రాలు పంపండి అన్నారు. అడిగినవన్నీ పంపాను. పంచాయతీ ఇచ్చిన కాగితం కన్నడంలో ఉందని, చదవడానికి వీలుగా లేదని తిప్పి పంపారు. దుకాణం ఫోటో అడిగితే, మాకు దుకాణం లేదు కనుక మంగళగి వాకిట్లో పొయ్యిల ముందు కూర్చున్న ఆడవాళ్ల ఫోటో పంపాను. దాని మీద ఏ జవాబూ రాలేదు. ఎవరో చూస్తున్నారు, ఇవాళో రేపో సరిచేస్తారు అనుకున్నాను. ఆర్డర్లు మాత్రం యథావిధిగా తీసుకుంటూనే ఉన్నారు. జనం కడుతూనే ఉన్నారు. మేం పంపుతూనే ఉన్నాం. నా పేరు మీద అంత డబ్బు నా జీవితంలో ఎప్పుడూ లేదు. ఉన్నప్పుడు కూడా తెర మీద అంకెగానే ఉంది, చేతికి రాలేదు.

ఇక ఆ మెయిల్.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చదివి, చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. "మన పైసలు వాళ్లెట్ల ఉంచుకుంటరు?" అన్నాడు. ఆ ప్రశ్న నేను అప్పటికే మెయిల్లో రాసి పంపాను. పంపిన క్షణంలోనే జవాబొచ్చింది, మళ్లీ అవే నాలుగు వాక్యాలు. వెబ్‌సైటులో మాట్లాడే యంత్రం ఒకటుంది. నా డబ్బు ఎప్పుడిస్తారు అని అడిగితే, కొత్త ఖాతా ఎలా తెరవాలో చెప్పింది. ఫోన్ చేస్తే చాలాసేపు సంగీతం వినిపించి, ఖాతా నంబరు నొక్కమంది. నొక్కాను. ఈ నంబరుతో ఖాతా లేదు, ధన్యవాదాలు అని పెట్టేసింది. ఖాతా ఎందుకు మూసేశారని అడగడానికి చేస్తే, ఖాతా లేనివాళ్లతో మాట్లాడబోమంది. ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎవరైనా తిడితే బదులు తిట్టొచ్చు. అక్కడ తిట్టడానికి కూడా మనిషి లేడు.

బ్యాంకు మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. తమదాకా రాని డబ్బు గురించి తానేం చెప్పగలనన్నాడు. పోలీసుస్టేషన్‌లో ఒకాయన అంతా విని, ఎవరు తీసుకున్నారో మనిషి పేరు చెప్పమన్నాడు. నా దగ్గర పేరు లేదు. మీరే ఒప్పుకుని ఖాతా తెరిచారు కదా, దొంగతనం ఎలా అవుతుంది అని తిరిగి నన్నే అడిగాడు. ఇలాంటి కంపెనీల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ విభాగానికి మా ఆయన ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాడు. నంబరు ఇచ్చారు, వేచి ఉండమన్నారు.

అక్కకు ఫోన్లో చెప్పడానికి మనసొప్పలేదు. బస్సెక్కి మంగళగి పోయాను. వాకిలంతా పాత చీరలు పరిచి రొట్టెలు ఆరబెట్టారు. కాలు పెట్టడానికి చోటు లేదు. పొయ్యిల దగ్గర నలుగురు ఆడవాళ్లు తడుతున్నారు. అక్క నన్ను చూసి నవ్వుకుంటూ వచ్చింది.

"పైసలు పడ్డయా చెల్లె?"

"పడలేదక్కా. ఖాతా బంద్ చేసిండ్రు."

"ఎవరు?"

"మధ్యల పైసలు తీసుకునే కంపెనీ."

"ఎందుకు? మనం ఏం జేసినం? రొట్టెల్ల ఖరాబ్ వచ్చిందా? ఎవరన్న ఫిర్యాద్ జేసిండ్రా?"

"ఎవరు చెయ్యలేదు. ఎందుకో వాళ్లు చెప్తలేరు."

"మరి తిన్నోళ్లు ఇచ్చిన పైసలు ఎవరి కాడున్నయ్?"

"ఆ కంపెనీ కాడనే."

"రొట్టెలు వాళ్లు తిన్నరు. పైసలు గాల్లు ఉంచుకున్నరు. మనకియ్యరు. గంతేనా?"

"గంతే అక్కా."

పొయ్యిల దగ్గర తట్టడం ఆగిపోయింది. కొత్తగా పనిలోకి వచ్చిన ఒకామె పక్కామెతో కన్నడంలో మెల్లగా అంది, ఈమెనే తినేసి ఉంటుంది, కంపెనీ కథ చెబుతోంది అని. నాకు కన్నడం రాదనుకుంది. ఇన్నేళ్లు బీదర్‌లో ఉండి ఆ మాత్రం రాకుండా ఉంటుందా. చెంప మీద ఎవరో కొట్టినట్టయింది. అంతకంటే ఎక్కువగా నన్ను దెబ్బ తీసింది ఇంకొకటి. ఆ మాట అక్క కూడా విన్నది. విని, వంగి ఒక రొట్టెను అటు నుంచి ఇటు తిప్పి వేసింది.

తర్వాత నిటారుగా నిలబడి అడిగింది. "గా కంపెనీ ఏడుంటది?"

"పెద్దాఫీసు ఎక్కడనో. హైదరాబాద్‌ల గూడ ఒకటున్నదని రాసిండ్రు."

"అయితె పోదాం. నేను గూడ వస్త. మనిషి మొఖం జూసి అడుగుదాం."

రెండ్రోజుల తర్వాత జహీరాబాద్ బస్టాండులో కలుసుకున్నాం. అక్క ఉతికిన ఇల్కల్ చీర కట్టుకుని, ఒక గుడ్డ మూటతో వచ్చింది. మూటలో రొట్టెలు, కారప్పొడి. "ఆఫీసోళ్లు తిని జూస్తే తెలుస్తది కద, మనం ఏం అమ్ముతున్నమో" అంది. నేను మెయిల్ కాగితాలు అచ్చు తీయించి సంచీలో పెట్టుకున్నాను. బస్సులో ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆఫీసులో ఎవరితో ఏం మాట్లాడాలో నేను మనసులో వరసగా పేర్చుకున్నాను. ముందు నమస్కారం పెట్టాలి, కోపంగా మాట్లాడకూడదు, కాగితాలు ఒక్కొక్కటే చూపించాలి అనుకుంటూ.

ఆ చిరునామాలో అద్దాల మేడ ఉంది. లోపల చల్లగా ఉంది. ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయికి కంపెనీ పేరు చెప్పాను.

"వాళ్లు ఇక్కడ కూర్చోరు మేడం" అంది.

"అడ్రసు ఇదే ఇచ్చారు కదమ్మా."

"అడ్రసు ఇదే. ఇక్కడ చాలా కంపెనీలకు అడ్రసులు ఉంటాయి. ఉత్తరాలు వస్తే మేం తీసి పంపిస్తాం. అంతే మేడం, మనుషులెవరూ ఉండరు."

అక్కకు ఆ అమ్మాయి తెలుగు అర్థమైంది కానీ, మాట అర్థం కాలేదు. "ఇవాల రాలేదా, మొత్తానికే రారా?" అని అడిగింది.

"మొత్తానికే రారమ్మా."

తలుపు దగ్గర నిలబడ్డ కాపలాదారు మమ్మల్ని బయటిదాకా సాగనంపాడు. మాట తీరు చూస్తే నారాయణఖేడ్ వైపు మనిషిలా ఉన్నాడు. అక్క యాస విని ఆగాడు.

"ఏ ఊరు పెద్దమ్మా?"

"బీదర్ దిక్కు, మంగళగి."

"గంత దూరం కెళ్లి వచ్చిండ్రా. మీలాంటోళ్లు మస్తుమంది వస్తరమ్మా. మొన్న ఒక బట్టల దుకాణమాయన పొద్దంత గీ మెట్ల మీదనే కూసున్నడు. ఎవరన్న వస్తరేమో అని."

"వచ్చిండ్రా?"

"ఎవరొస్తరు? నేను నౌకరిల చేరినప్పటి సంది ఆ కంపెనీ మనిషిని ఒక్కన్ని చూడలె."

అక్క ఆ మేడను కింది నుంచి పైదాకా చూసింది. నేను కూడా చూశాను. ఇన్ని రోజులూ నా మనసులో ఒక గది ఉండేది. అందులో ఒక బల్ల, దాని వెనక కళ్లద్దాలు పెట్టుకుని మా కాగితాలు పక్కన పెట్టేసిన మనిషి. అతడిని కలిస్తే, వివరంగా చెబితే, పొరపాటు జరిగిందమ్మా అంటాడని నమ్మకం. ఆ గదే లేదు. మెట్ల మీద కూర్చున్నాను, ఆ బట్టల దుకాణం ఆయన కూర్చున్న చోటే కాబోలు. అక్క కూడా పక్కన కూర్చుంది. ఎండ నెత్తి మీద ఉంది. కాసేపటికి మూట విప్పి నాకొక రొట్టె ఇచ్చి, కాపలాదారుకు రెండిచ్చి, తనొకటి తీసుకుంది. ముగ్గురం నీడలోకి జరిగి నిలబడి తిన్నాం.

తిరుగు బస్సులో పటాన్‌చెరు దాటాక అక్క అంది, "నాకు గూడ నీ మీద శక్ వచ్చింది చెల్లె."

"తెలుసక్కా."

"గామె గానాడు కన్నడంల అన్నది నీకు సమజైందా?"

"అయింది."

ఆమె నా చేతి మీద చెయ్యి వేసి, జహీరాబాద్ వచ్చేదాకా తీయలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఏమీ జరగలేదు. రొట్టెలు చేయడం ఆపేశారు. బసవకళ్యాణ్ వ్యాపారి జొన్నల బాకీ కోసం రెండుసార్లు మనిషిని పంపాడు. ఒక రోజు మధ్యాహ్నం నేను బట్టలు ఉతుకుతుంటే ఫోన్ మోగింది. కరీంనగర్ నుంచి ఒక పెద్దాయన. పాత గిరాకీ.

"అమ్మా, మీ రొట్టెల డబ్బులు నాకు వాపస్ వచ్చినయ్. ఏమైంది?"

నాకు అర్థం కాలేదు. "ఏ డబ్బులండీ?"

"నేను మొన్న కట్టినయ్. రొట్టెలు వచ్చినయ్, తిన్నం గూడ. ఇయ్యాల నా ఖాతాల పడ్డయ్. మెసేజ్ గూడ వచ్చింది. భద్రత కారణాల వల్ల ఈ వ్యాపారిని తొలగించినం, మీ సొమ్ము మీకు తిరిగి ఇస్తున్నం అని."

నురగ చేతులతోనే ఫోన్ పట్టుకుని స్నానాలగది గుమ్మంలో నిలబడ్డాను. ఆయన ఇంకేదో అంటున్నాడు, వినిపించడం లేదు. మా డబ్బు మాకివ్వలేదు. తమ దగ్గర కూడా ఉంచుకోలేదు. రొట్టెలు అందినవాళ్లకే తిరిగి పంచేశారు. మాకొక మాట చెప్పలేదు. ఆ పెద్దాయన ఫోన్ చేయకపోతే మాకు తెలిసేది కూడా కాదు. ఆయనే రెండోసారి అడిగాడు, "మళ్ల ఎట్ల పంపాలె అమ్మా? నంబరు చెప్పు." ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

అందరి ఫోన్ నంబర్లూ మా దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కరికీ చేసి అడగడం తప్ప దారి లేదు. అక్క మర్నాడే బీదర్ వచ్చి మా ఇంట్లో నా పక్కన కూర్చుంది. చాలామంది ఆశ్చర్యపోయారు. డబ్బు తిరిగి వచ్చిన సంగతే కొందరు గమనించలేదు. చూసుకుని, అయ్యో అని వెంటనే పంపారు. ఒకావిడ రొట్టెల డబ్బుతో పాటు ఇంకో ఆర్డరు కూడా పెట్టింది. కొందరు సాయంత్రం పంపుతామన్నారు. ఆ సాయంత్రం రాలేదు.

ఒకాయన మాత్రం నేను మాట పూర్తి చేయకముందే అందుకున్నాడు. "మీది ఫ్రాడ్ అని కంపెనీవాళ్లే మెసేజ్ పెట్టారు. మళ్లీ డబ్బు పంపమంటున్నారంటే నేనేమనుకోవాలి?"

"రొట్టెలు మీకు అందాయి కదండీ."

"అందాయో లేదో నాకు గుర్తులేదు. ఇంకోసారి చేస్తే కంప్లైంట్ ఇస్తాను."

పక్క నుంచి వింటున్న అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "అన్నా, నేను రొట్టెలు చేసినదాన్ని మాట్లాడుతున్న. మంగళగి కెళ్లి..." అని మొదలుపెట్టింది. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని నా వైపు చూసింది.

"ఏమన్నడక్కా?"

"పెట్టేసిండు."

ఫోన్ నేల మీద పెట్టి తన అరచేతులు చూసుకుంది. వేడి పెనానికి కాలిన మచ్చలు వేళ్ల చివర నల్లగా ఉన్నాయి. నేను మొదటి రోజు మెయిల్ చదివినప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు కానీ, అక్క ముఖం చూస్తే అలాగే ఉండి ఉంటుందనిపించింది. యాభై ఏళ్లు దాటిన మనిషి. సంతలో కూర్చుని వేలమందికి అమ్మింది. బేరం ఆడినవాళ్లున్నారు, బాగాలేవని విసుక్కున్నవాళ్లున్నారు. తిని, తినలేదన్న మనిషిని ఆమె మొదటిసారి అప్పుడే చూసింది. చూడలేదు కూడా, గొంతు విన్నదంతే.

ఆ వానాకాలం గడిచేసరికి ఎక్కువమంది డబ్బు తిరిగి పంపారు. పంపనివాళ్ల లెక్క మాత్రం అలాగే మిగిలిపోయింది. నేను మా కాలనీ చిట్టీని నష్టం వచ్చినా గడువుకు ముందే ఎత్తి ఆ మొత్తం అక్కకు ఇచ్చాను. వద్దంటుందేమో అనుకున్నాను. అనలేదు, తీసుకుంది. అదే సరైనది. జొన్నల వ్యాపారికి ఇవ్వాలి, పొయ్యి ముందు కూర్చున్నవాళ్లకు ఇవ్వాలి. ఆ రోజు కన్నడంలో మాట అన్నామె కూడా వచ్చి తన కూలి తీసుకుంది. నా వైపు చూడకుండా, నన్ను టీ తాగి పొమ్మని మాత్రం అక్కతో చెప్పించింది. తాగి వచ్చాను.

మా ఆయన పెట్టిన ఫిర్యాదుకు చివరికి జవాబు వచ్చింది. వినియోగదారులకు సొమ్ము పూర్తిగా చెల్లించినందువల్ల ఫిర్యాదు పరిష్కారమైనట్టు భావించి ముగించారట. ఆయన అది చదివి వినిపించినప్పుడు నేను ఇంకోసారి చదవమన్నాను. అందులో మా ప్రస్తావన ఎక్కడైనా ఉందేమోనని. లేదు. ఖాతా ఎందుకు మూశారో ఈ రోజుకీ మాకు తెలియదు. ఒక్కసారిగా ఎక్కువ డబ్బు రావడం చూసి యంత్రమే ఆపేసి ఉంటుందని మా ఆయన ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే అతను అన్నాడట. అదీ ఊహే.

వెబ్‌సైటు తీసేశాం. ఇప్పుడు తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగితేనే పంపుతున్నాం. డబ్బు నేరుగా అక్క బ్యాంకు ఖాతాకే వేయమంటున్నాం. అలా పెడదామన్నది అక్కే. "నీ మీద నమ్మకం లేక కాదు చెల్లె" అని ముందే చెప్పింది. నిజమే అయి ఉంటుంది. అయినా ఆ మాట విన్న రోజు నాకు అన్నం సహించలేదు. తర్వాత అలవాటైంది. ఆర్డర్లు మునుపటిలో సగం కూడా లేవు. కొత్త పొయ్యిల్లో ఒకటి వానకు కూలిపోతే మళ్లీ వేయించలేదు.

మొన్న మంగళగి పోయినప్పుడు ఆమె కోడలు నవ్వుతూ చెప్పింది. ఎవరైనా డబ్బు వేసినట్టు ఫోన్‌కు మెసేజ్ వస్తే చాలు, అత్త చేతిలో పని వదిలేసి ఊళ్లో డబ్బులిచ్చే బ్యాంకు మనిషి దగ్గరికి పోయి, వేలిముద్ర వేసి, అదే పూట తీసుకొచ్చేస్తుందట. బ్యాంకులో ఉంటే ఎక్కడికీ పోదక్కా, అది వేరు ఇది వేరు అని నేను నచ్చజెప్పబోయాను.

"నీ పైసలు నువ్వు బ్యాంకుల ఉంచుతున్నవా?" అని అడిగింది అక్క.

మా ఆయన జీతం పడిన రోజు ఇంటి ఖర్చుకని మొత్తం తీసి బియ్యం డబ్బా వెనక పెడుతున్నానని ఇంట్లో ఆయనకు కూడా ఇంకా చెప్పలేదు.